రిలీజు లేకుండా పోయిన టీము

మా క్రికెట్టు లీగు రూల్స్ రాసింది నేనే. ముందే చెప్పేస్తాండా. ఎందుకంటే ఇప్పటికీ కువైట్ అబ్బాసియా పాతోళ్లు యాడన్నా కలిస్తే, "ఏం సెక్రటరీ, నీ మీద నువ్వే కేసు పెట్టుకున్న్యావంట గదా" అని పండ్లు ఇకిలిస్తారు. ఇకిలించనీ. ఆ పొద్దు పెన్ను పట్టుకోమంటే వాళ్లలో ఒక్కడూ ముందుకు రాల్యా.

అప్పుడు నేను ఖుబూజ్ రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాను డ్రైవర్ని. సెల్లుల్లో మిస్డ్ కాల్ ఇచ్చుకునే రోజులు. అబ్బాసియాలో ఒక రూములో తొమ్మిది మందిమి ఉన్న్యాం. శుక్రవారం పొద్దున్నే ఇండ్ల వెనక ఇసుక మైదానంలో క్రికెట్టు. మొత్తం ఆరు టీములు. మా కడప డ్రైవర్లది ఒకటి, గోదావరి నుంచి వచ్చిన నర్సుల మొగుళ్లది ఒకటి, తక్కినవి టైలర్లవీ, ఏసీ మెకానిక్కులవీ. నర్సుల మొగుళ్లు తెల్లబట్టలు ఇస్త్రీ చేసుకోని పెండ్లికొచ్చినట్టు వచ్చేవాళ్లు. ఔటైతే మాత్రం చస్తే పోరు. నేను మా టీముకు కీపర్ని, లీగు మొత్తానికి సెక్రటరీని.

లీగు ప్రెసిడెంటు మా రాజంపేట పక్క పెద్దాయన. అందరం అన్నా అనేవాళ్లం. అబ్బాసియాలో బకాలా నడిపేవాడు, ఉల్లిగడ్డల కాడి నుంచి ఫోన్ కార్డుల దాంకా అన్నీ దొరికే కొట్టు. ఒక ఏడు టైలర్ల టీము సీజన్ మధ్యలో చెప్పాపెట్టకుండా మానేసింది. అన్నకు రోషమొచ్చింది.

"లీగంటే ఒక కాయితముండాలబ్బీ. నువ్వు డిగ్రీ దాంకా పోయినావు గదా, రాయి" అన్న్యాడు.

డిగ్రీ దాంకా పోయిన మాట నిజమే. డిగ్రీ నా దాంకా రాలేదని అన్నకు చెప్పల్యా.

అగ్రిమెంటు ఎట్ల రాయాల్నో నాకేం తెల్సు? నా జన్మలో నేను చూసిన అగ్రిమెంటు ఒకటే, కంపెనీ నాకిచ్చింది. దాన్ని పెట్టెలోంచి తీసి ముందర పెట్టుకున్న్యా. కంపెనీ అని ఉన్నచోట లీగనీ, పనోడు అని ఉన్నచోట టీమనీ మార్చుకుంటా పోయినా. రాసేది శానా సులువుగా అయిపోయింది. మూడేండ్లు టీము లీగును వదిలి కదలకూడదు. పోవాలంటే లీగు రిలీజు, అంటే పొమ్మనే కాయితం, ఇయ్యాల. రిలీజు లేకుండా ఇంకో లీగులో ఆడితే పారిపోయినట్టు లెక్క, ఫోటో పెట్టి నోటీసు అంటిస్తారు. ఏడాదికొకసారి టీముకు మెడికల్ చేయించాలని గూడ రాసి, మళ్లా కొట్టేసినా.

ఆఖరుకు అన్న ఇంకొకటి చేర్చమన్న్యాడు. ముందటేడు మా ఫైనల్‌ను పెండ్లి వీడియోలు తీసేటాయన తీసి, మాకే సీడీలు అమ్మినాడు. అన్నకు ఆ మంట ఇంకా చల్లారల్యా. అందుకని, ఈ మూడేండ్లలో మా టీములు యాడ ఆడినా, ఎవరు వీడియో తీసినా, ఆ బొమ్మలన్నీ లీగువే అని రాసినా. ఆరు మంది కెప్టెన్లూ చదవకుండా సంతకాలు చేసినారు. అన్న తన బకాలా స్టాంపు గుద్దినాడు. గుండ్రంగా, నీలంగా, నడాన అరబీ అక్షరాలు. స్టాంపు పడిన కాయితాన్ని చూస్తే మాకు కువైట్‌లో చేతులు కట్టుకోని నిలబడడం అలవాటు.

ఇంగ నా భార్య సంగతి చెప్పాల. ఆమె హవల్లీలో ఒక ఇంట్లో పనికుండేది. ఇద్దరం ఒకే దేశంలో ఉన్న్యాం, వ్యానులో పోతే అర్ధగంట. అయినా ఆమె మొగం చూసి ఐదు నెలలయింది. ఆ ఇంటి యజమానురాలు, మామా అంటారు, చెడ్డదేం గాదు, తిండికీ బట్టకూ లోటు చేసేది గాదు. బయటికి మాత్రం పంపేది గాదు. రెండేండ్ల కాంట్రాక్టు అయిపోయినాక పో, అంతవరకూ అడగొద్దు, ఖలాస్. వంటిల్లు బిల్డింగు వెనక పక్క, కిటికీలోంచి గూడ రోడ్డు కనపడదు. కింద వాచ్‌మన్ బెంగాలాయన ఒక్కడే మాకు దిక్కు. ఒకసారి నా కీపింగ్ గ్లవ్స్ చినిగితే కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చినా. రెండ్రోజులకు తిరిగొచ్చినాయి. ఎర్ర గ్లవ్స్‌కు బొటనవేలు చుట్టూ పచ్చదారంతో కుట్టింది. మామా కుట్టుపెట్టెలో ఆ దారమే ఉన్నిందంట.

అట్లాంటప్పుడు ఫహాహీల్ లీగు వాళ్లు మా టీమును ఒక మ్యాచ్‌కు పిలిచినారు. వాళ్లు ఆయిల్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు, పేర్లు అచ్చేసిన జెర్సీలు, గ్రౌండు కాడ జ్యూసులు. అవి నాకు ముఖ్యం గాదు. వాళ్ల మ్యాచ్‌ను మరుసటి శుక్రవారం తెలుగు చానెల్లో, గల్ఫ్ వాళ్ల ప్రోగ్రాములో, అర్ధగంట చూపిస్తారంట. ఆ మాట చెప్పింది చానెల్ రిపోర్టరు. మిగతా ఆరు రోజులూ ఆయన హవల్లీలో సెల్లులు రిపేరు చేసేటోడు.

నేను వెంటనే నా భార్యకు ఫోన్ చేసినా. "ఏం మే, మామా ఇంట్లో తెలుగు చానెల్ వస్తాదా?"

"వంటింట్లో చిన్న టీవీ ఉంది గదా, వస్తాది. ఎందుకు?"

"మ్యాచ్ అయినాక వచ్చే శుక్రవారం అయిదింటికి నన్ను చూద్దువు."

టక్కున పొయ్యి ఆపిన చప్పుడు వినపడింది. మళ్లా, "నిజంగానా? మొగం బాగా కనపడేట్టు నిలబడబ్బా" అనింది.

ఆ మాట వినినాక నన్ను ఎవరు ఆపుతారు? మా టీముకు రిలీజు కావాలని కీపర్‌గా అర్జీ రాసినా. అర్జీ ఎవరికి రాయాల? సెక్రటరీకి. సెక్రటరీగా దాన్ని తీసుకోని, ముట్టింది అని సంతకం చేసి, బకాలాలో ఉల్లిగడ్డ మూటల నడుమ కూర్చున్న కమిటీ ముందర పెట్టినా.

అన్న కండ్లద్దాలు సర్దుకున్న్యాడు. "అర్జీ చూసినావా సెక్రటరీ?"

"చూసినా అన్నా."

"ఏమంటావు?"

"కీపర్‌గా అయితే పంపియ్యమంటా. సెక్రటరీగా అయితే రూల్ ఒప్పుకోదు."

"రూల్ రాసిందెవరు?"

"నేనే అన్నా."

"మరి ఖలాస్" అన్న్యాడు అన్న. నర్సుల మొగుళ్ల కెప్టెన్ మెల్లగా, "పాపం, పోనివ్వండి, ఒక్క మ్యాచే కదండీ" అన్న్యాడు. "ఈ పొద్దు వాళ్లు, రేపు మీరు. ఇంగ లీగులో నేనూ నా ఉల్లిగడ్డలూ మిగుల్తాం" అని అన్న ఆయన నోరు మూయించినాడు. నాకు ఒళ్లు మండింది. నా భార్య సంగతి చెప్పి అడిగుంటే అన్న కరిగేవాడే. నలుగురిలో ఆ మాట చెప్పేదానికి నాకు నోరు రాల్యా.

ఆ శుక్రవారం రిలీజు లేకుండానే పోయినాం. ఆడినాం. గెలిచినాం గూడ. నేను ముందుకు దూకి పట్టిన క్యాచ్ ఒకటుంది, ఈ పొద్దుకీ తల్చుకుంటే ఛాతీ పొంగుతాది. టోపీ తీసేసి, కెమెరా యాడుంటే ఆ పక్కకు మొగం పెట్టి నిలబడినా. మా కెప్టెన్, "ఎందుకబ్బీ బాల్‌ను చూడకుండా అట్ల నవ్వుతాండావు?" అని రెండుసార్లు తిట్టినాడు.

మర్నాడు అన్న పిలిచి, పారిపోయిన టీము మీద నోటీసు రాయమన్న్యాడు. నన్ను సెక్రటరీగా ఇంకా తీసెయ్యల్యా గదా. గుండ్రని అక్షరాలతో నీటుగా రాసినా, టీము ఫోటో అంటించినా, బకాలా తలుపుకు నా చేతుల్తోనే అతికించినా. ఫోటోలో ఎడమ నుంచి మూడోవాణ్ణి నేను. కొట్టుకొచ్చినోళ్లు ఆ ఫోటోను చూసేది, నన్ను చూసేది, కొత్తిమీర తీసుకోని పొయ్యేది.

మరుసటి శుక్రవారం అయిదింటికి అబ్బాసియాలోని మా మెస్సు నిండిపోయింది. అన్న గూడ వచ్చి ముందు కుర్చీలో కూర్చున్న్యాడు. ప్రోగ్రాము మొదలైంది. ముందు ఫహాహీల్ వాళ్ల ఉపన్యాసాలు, తర్వాత జెర్సీలు, జ్యూసులు. మళ్లా మ్యాచ్.

అబ్బా, ఆ మ్యాచ్ చూడాల! ఫహాహీల్ బ్యాట్స్‌మన్ ఒక్కడే నిలబడి ఉంటాడు. యాడ నుంచో బాల్ వస్తాది. వికెట్ పడతాది. ఎవరు వేసినారో లేదు, ఎవరు ఎగిరినారో లేదు. ఆయన తలకాయ వంచుకోని పోతాడు, ఇంకొకాయన వస్తాడు. మా బ్యాటింగ్ ఊసే లేదు. ఫహాహీల్ బౌలర్ పరిగెత్తుకుంటా వచ్చి బాల్ వేస్తాడు, అంతే, మళ్లా పరిగెత్తుకుంటా వస్తాడు. ఆఖర్లో ముఖ్య అతిథి కప్పు తీసుకోని నవ్వుకుంటా ముందుకు చాపినాడు. అందుకునేవాడు లేడు. చప్పట్లు మాత్రం మోగినాయి.

మెస్సంతా పడీపడీ నవ్వింది. నేనొక్కణ్ణి నవ్వకుండా లేచినా. పోయి రిపోర్టరుకు ఫోన్ చేసి నోటికొచ్చింది తిట్టినా.

"నన్నేం చెయ్యమంటావన్నా? మీ లీగు నుంచి అరబీలో లెటరొచ్చింది. మీ టీము బొమ్మ ఎవరు తీసినా లీగుదేనంట, చూపిస్తే కేసంట. స్టాంపు గూడ ఉంది. నా ఇఖామా కార్డులో రాసింది ఒక పని, నేను చేసేది ఇంకో పని, కేసంటే దేశం దాటిస్తారు. మీ వాళ్లు కనపడినవన్నీ కత్తిరించినా" అని ఏడుపు గొంతుతో చెప్పినాడు.

అన్న ఎవరితోనో అరబీలో టైపు కొట్టించి, నాకు తెలీకుండా పంపించినాడు. గుద్దింది ఆ బకాలా స్టాంపే. లోపల ఉన్న మాటలు మాత్రం నావి. ఎవరిని తిట్టాల్నో తెలీక గోడకానుకోని నిలబడినా.

అప్పుడే నా భార్య మిస్డ్ కాల్ వచ్చింది. నేను తిరిగి చేసినా.

"చూసినాను" అనింది.

"ఏం చూసినావు మే? నన్ను చూపియ్యనే లేదు."

"నీ చేతులు చూసినా. ఆ పొడుగాయన ఔటయ్యేటప్పుడు ఒక మూల ఎర్ర గ్లవ్స్ వచ్చినాయి. పచ్చదారం కనపడింది. నేను కుట్టిందే. మామాను పిలిచి చూపిద్దామనుకుంటే అంతలోకే పోయినాయి." ముక్కు చీదుకున్న శబ్దం వినపడింది. "మొగమెందుకు చూపియ్యల్యా?"

చెప్పినా. కంపెనీ కాయితం చూసి రాసిందీ, మూడేండ్లూ, రిలీజూ, వీడియోలూ, అన్నీ చెప్పినా.

"ఆ కాయితమా?" అనింది. "మనల్ని కట్టేసినారే, ఆ కాయితం చూసి నువ్వు ఇంకొకళ్లకు రాసినావా? ఇంకో మాదిరి రాసేది తెలీదా నీకు?"

నాకు సిగ్గయింది. నిజంగా తెలీదు. నాకెవరూ ఇంకో మాదిరి కాయితం ఇయ్యల్యా.

ఆ తర్వాత కమిటీలో ఆ రూల్స్ కొట్టేస్తానని లేచినా. అన్న ఎగిరినాడు. ఈసారి నోరు తెరిచి నా భార్య సంగతి చెప్పినా. అన్న ఒక ఉల్లిగడ్డ తీసుకోని పొట్టు గిల్లినాడు. "ముందే చెప్పి చావొచ్చు గదరా" అన్న్యాడు. మళ్లా, "కొట్టేసినచోట ఏం రాస్తావు? ఖాళీగా ఉండకూడదు" అన్న్యాడు. పెన్ను పట్టుకోని తడుముకోని తడుముకోని ఒక్క ముక్క రాసినా. పోవాలనుకున్న టీము ఒక శుక్రవారం ముందు చెప్పి పోవచ్చు, రావాలనుకుంటే మళ్లా రావొచ్చు. అన్న దాని మీద గూడ స్టాంపు గుద్దినాడు.

దాన్ని జెరాక్స్ తీసి, వాచ్‌మన్ చేతుల మీదుగా నా భార్యకు పంపించినా. వంటింట్లో ఆమె చదువుకుంటాంటే మామా చూసిందంట. స్టాంపు చూసి, ఏం కాయితమది అని గట్టిగా అడిగిందంట. నా భార్య భయపడతానే వచ్చీరాని అరబీలో గ్లవ్స్ కాడ మొదలుపెట్టి, నా మీద నేనే నోటీసు అంటించుకున్నదాంకా చెప్పిందంట. మామా కుర్చీలో కూలబడి కండ్లల్లో నీళ్లొచ్చేదాంకా నవ్విందంట. నవ్వి నవ్వి, ఐదు నెలలా అని అడిగిందంట. మళ్లా, ఈ శుక్రవారం పొద్దున రెండు గంటలు పోయిరా, యల్లా, కదులు అనిందంట.

ఆ శుక్రవారం పొద్దున మాకు నర్సుల మొగుళ్లతో మ్యాచ్. మా టీము కీపర్ లేకుండా ఆడింది.