పరస్థానం పెట్టిన పెట్టె

మా ఆయన ఉత్తరాల్లో ప్రేమ తక్కువ, వానల లెక్క ఎక్కువ. మధ్య ఆఫ్రికాలో ఒక నది మీద వంతెన కడుతుంటే అక్కడ ఓవర్సీరుగా చేరాడు. ఆ దేశం పేరు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నోరు తిరగలేదు. తిరిగేలోపలే ఆ పేరు కాస్తా మారిపోయింది. అందుకని అందరం ఆఫ్రికా అనేవాళ్ళం, అదేదో నెల్లూరు పక్కన పల్లె అయినట్టు.

నన్ను రమ్మని రాసిన ఉత్తరంలో కూడా వానలే. వానల్లో వస్తే లారీ బురదలో దిగబడి అక్కడే ఉంటావన్నాడు. ఎండలు ముదిరాక వస్తే నదిలో నీళ్ళు తగ్గి పడవ నడవదన్నాడు. వాన వెనకబట్టి, నది మాత్రం ఇంకా నిండుగా ఉండే నెల ఒక్కటే ఉంది, అది జూన్, అది తప్పితే మళ్ళీ ఏడాదే అన్నాడు. బొంబాయిలో ఓడ, ఓడ దిగాక రైలు, రైలు దిగాక పడవ, పడవ దిగాక లారీ. జూన్‌లో అక్కడ ఉండాలంటే మే నెల మధ్యలో బొంబాయిలో ఓడ ఎక్కాలి.

అప్పటికి నాకు పెళ్ళై నాలుగేళ్ళు. ఆయనతో కాపురం చేసింది ఏడు నెలలు. మిగతా కాలమంతా మా అత్తతోనే కాపురం. మైపాడుకు ఇవతల, సముద్రపు హోరు వినబడే పల్లెలో, నాలుగెకరాల మాగాణి మీద ఆమే నేనూ బతికేవాళ్ళం. ఆ ఇంట్లో నాకు దేనికీ లోటు లేదు, ఊపిరాడలేదంతే. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు, ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా వీధి గడప దాటిన రోజు లేదు. అందుకే ఆ జూన్ నెల నాకు ఎంత కావలసి వచ్చిందో మాటల్లో చెప్పలేను.

ఏర్పాట్లన్నీ నేనే చేసుకున్నాను. మా అక్క మొగుణ్ణి, మా బావను వెంటబెట్టుకుని మద్రాసు పోయి పాస్‌పోర్టు తెచ్చుకున్నాను. ఆఫ్రికా పోయేవాళ్ళకు వేసే పచ్చజ్వరం సూది వేయించుకుని, రెండు రోజులు చెయ్యి ఎత్తలేకపోయాను. ఎదురింటి టైలరు ఆరు రవికలు కుట్టాడు. మా అత్త కరివేపాకు పొడి కొట్టింది. ఎండుచేపలు కూడా మూట కట్టబోతే, ఓడవాళ్ళు నన్ను సముద్రంలో పారేస్తారని చెప్పి ఆపాను.

ఇంతలో పురోహితుడు పంచాంగం విప్పి పిడుగులాంటి మాట చెప్పాడు. మే నెలంతా మూఢం. శుక్రుడు సూర్యుడి చాటున కనబడకుండా పోయే ఆ రోజుల్లో మంచి పని ఏదీ మొదలుపెట్టరు. మరి ఓడకు ఈ సంగతి ఎవరు చెప్తారు? దానికీ ఒక దారి ఉంది. మూఢం రాకముందే మంచి గడియ చూసి, ప్రయాణానికి కట్టుకున్న పెట్టెను వెళ్ళే దిక్కులో ఉన్న మరొకరి ఇంట్లో పెడతారు. అదే పరస్థానం. పెట్టె కదిలిందంటే మనిషి బయల్దేరినట్టే. తర్వాత ఎప్పుడు వెళ్ళినా దోషం అంటదు. మామూలుగా వారం పది రోజులకు పెట్టుకునే దాన్ని మా పురోహితుడు నెలకు సాగదీశాడు.

మా ఇంటికి పడమర వైపు ఎదురిల్లు ఆ టైలరుదే. వాళ్ళు సాయిబులు. టైలరు భార్యకూ మా అత్తకూ ఇరవై ఏళ్ళ స్నేహం. ఆమె మా అత్తను అక్కా అనేది, నేనామెను చిన్నమ్మా అనేదాన్ని. ఏప్రిల్ నెలలో ఒక పొద్దున పసుపు రాసిన రేకు పెట్టెను టైలరు మోసుకుపోయి, వాళ్ళ నడింట్లో పీట మీద పెట్టాడు. మా అత్త తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుంది.

మర్చిపోకూడనివన్నీ ముందు పెట్టెలో పెట్టుకోమని ఆమె పదిసార్లు చెప్పింది. నేను మహా జాగ్రత్తపరురాలిని కదా. పాస్‌పోర్టునూ సూదులు వేయించుకున్న కాగితాలనూ పట్టుచీర మడతలో పెట్టి, అన్నిటికన్నా అడుగున దాచాను.

పెట్టె పోయాక ఆ ఇంట్లో నేను లేనట్టే లెక్క. మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, బావి దగ్గరికి పోనివ్వలేదు. "ఊరికి పోయినదానివి, నీకు పనేందమ్మే?" అనేది. చుట్టాలకు వేసినట్టు పీట వేసి, ఆకులో వడ్డించేది. వీధిలోకి వస్తే కనబడిన ప్రతివాళ్ళూ "ఇంకా పోలేదా?" అని అడిగేవాళ్ళు. మా అక్కను చూసి రావడానికీ వీల్లేదు, పొలిమేర దాటితే మళ్ళీ వెనక్కి రాకూడదట. వారం తిరిగేసరికి వీధి మొహం చూడడం మానేశాను. ధాన్యం బస్తాల పక్కన చాప వేసుకుని, సముద్రపు హోరు వింటూ పడుకునేదాన్ని. ఉన్నదాన్నీ కాదు, పోయినదాన్నీ కాదు.

మే నెల మొదట్లో బొంబాయి ఏజెంటు దగ్గర్నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. పోస్టుమాస్టరు గారు చదివి చెప్పారు. పాస్‌పోర్టూ సూదుల కాగితాలూ ముందుగా రిజిస్టరు పోస్టులో పంపాలి. పదో తేదీకి అందకపోతే ఓడలో నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆయన ఇంకా ఏదో చెప్తున్నారు గానీ నాకు వినబడలేదు. పరుగున ఇంటికి వచ్చాను.

"అత్తా, తాళంచెవి ఇయ్యి. కాగితాలు తీసుకోని మళ్ళీ తాళం ఏసేస్తా."

"పరస్థానం పెట్టిన పెట్టె ఊళ్ళో తెరవకూడదు."

"తెరవకపోతే ఓడ పోతుంది అత్తా."

"తెరిస్తే మనిషే పోతాడు," అని లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది.

నేను తిన్నగా ఎదురింటికి వెళ్ళాను. చిన్నమ్మ గుండీలు కుడుతోంది. సుత్తి ఇవ్వమని అడిగాను. ఎందుకో చెప్పేసరికి ఆమె సూది పక్కన పెట్టింది.

"పెట్టె నీదే బిడ్డా, కాదన్ను. నా చేతిలో పెట్టింది మాత్రం మీ అత్త. ఇది అమానతమ్మా, నమ్మి దాచమన్న సొమ్ము. అక్క చెప్పందే నేను దాని మీద దుమ్ము కూడా తుడవను."

నిజంగానే పెట్టె మీద వేలెడు దుమ్ము ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెడ్డవాళ్ళయితే నోరు చేసుకుని గెలవచ్చు. ఈ ఇద్దరినీ ఏమని తిట్టను? మూడు బారల దూరంలో నా పాస్‌పోర్టు ఉంది, ఆఫ్రికా కంటే దూరంగా.

ఐదు రోజులు నేను మా అత్తతో మాట్లాడలేదు. ఆమె వడ్డించిన ఆకు ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచేదాన్ని. ఆ ఐదు రోజులూ తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే కోపం వస్తుంది. అలకకు కూడా తీరిక ఉండాలి. నాకు లేదు.

ఆరో రోజు మధ్యాహ్నం ఆమే వచ్చి బస్తాల పక్కన కూలబడింది. మా మామ రంగూన్‌లో పోయాడని నాకు తెలుసు, ఎట్లా పోయాడో అప్పుడే విన్నాను. ఆయనకూ పరస్థానం పెట్టారట. బయల్దేరే ముందు తువ్వాలు మర్చిపోయానని పొరుగింటికి పోయి, పెట్టె తెరిచి తీసుకున్నాడట. రంగూన్ చేరాక కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. అడవుల వెంట నడిచి వచ్చినవాళ్ళు వచ్చారు. ఈయన రాలేదు.

"ఒక తువ్వాలు కోసరం తెరిచినాడమ్మే. నేను ఇంకొకటి ఇచ్చుండనా?" అంది.

యుద్ధాన్ని ఆమె తప్పు పట్టలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ తువ్వాలునే పట్టుకుని ఉంది. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే తేదీలు లెక్క పెట్టుకున్నాను, ఆ మాట దాచను.

"పొలిమేర దాటినాక తెరవచ్చు గదా?" అన్నాను.

"దాటినాక దోషం లేదు."

"అయితే టైలరు చిన్నాయన పెట్టెను కాలవ వంతెన దాటిస్తాడు. కాగితాలు తీసుకోని, పెట్టె మళ్ళీ తెచ్చేస్తాడు."

"పెట్టె తిరిగొస్తే ప్రయాణం తిరిగొచ్చినట్టే గదా."

"తిరిగి తేవద్దులే. అక్కడ్నించి అక్కోళ్ళ ఇంటికి పంపిద్దాం."

"మనిషి ఇంట్లో కూచోని పెట్టెను పంపిస్తే అది పెట్టె ప్రయాణం. నీది గాదు."

అన్ని తలుపులూ మూసేసింది. ఒక్కటే మిగిలింది.

"అయితే నేనే పోతా, పెట్టెతో. ఇప్పుడే."

ఓడకు ఇంకా పది రోజులకు పైనే ఉంది. ఓడ తప్పితే నా గతేమిటో ఇద్దరికీ తెలుసు. మా అత్త రొంటి నుంచి తాళంచెవి తీసి చాప మీద పెట్టింది.

"పో. వాడి దగ్గరికి చేరిందాకా ఈ గడప తొక్కబాక."

టైలరు ఎడ్లబండి మాట్లాడుకొచ్చాడు. మా అత్త బయటికి రాలేదు. మొగుడు పోయిన ఆడది ప్రయాణానికి ఎదురు రాకూడదని, ఎవరు ఏ ఊరు వెళ్తున్నా తలుపు వెనకే ఉండిపోయేది. ఆ రోజు కూడా తలుపు కింద ఆమె పాదాలు మాత్రం కనబడ్డాయి. కాలవ వంతెన దాటాక, నా వెంట బండెక్కిన చిన్నమ్మ మూత పట్టుకుంటే, నడి ఎండలో బండిలోనే పెట్టె తెరిచాను. పాస్‌పోర్టు తీసుకుని నెల్లూరు పోయి, రిజిస్టరు చేసి, వెంకటాచలం మీదుగా బస్సులో మనుబోలు వెళ్ళి మా అక్క వాళ్ళ ఇంట్లో పెట్టె దించాను.

కాగితాలు రెండు రోజులు ఆలస్యంగా అందాయి. నా చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. తర్వాతి ఓడలో వెళ్ళేసరికి నది తగ్గిపోతుంది. మా ఆయన దగ్గర్నుంచి టెలిగ్రాము వచ్చింది, పడవలు ఆగిపోతాయి, వచ్చే ఏడాది చూద్దామని. ఐదు రోజులు అలిగి కూర్చున్నాను, రెండు రోజుల తేడాతో ఓడ పోయింది. ఈ లెక్క ఎవరికి చెప్పుకోను?

ఆ ఏడాదంతా మనుబోలులో ఉన్నాను. మా అక్క వాళ్ళది రోడ్డు పక్క ఇల్లు. మద్రాసు పోయే లారీలన్నీ మా కిటికీ ముందు నుంచే పోయేవి. వాటిని చూస్తూ బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. పెట్టె మాత్రం విప్పి సర్దుకోలేదు. రెండు చీరలతోనే గడిపాను.

సంవత్సరం చివర, తుఫాను వానలు తగ్గాక, మా అత్తకు జ్వరమని కబురు వచ్చింది. ఆగలేక వెళ్ళాను. గడప దగ్గరికి వచ్చేసరికి లోపల నుంచి కేక వినబడింది.

"ఆగు! లోపలికి రాబాక. పెట్టె యాడుంది?"

"మనుబోలులోనే ఉంది అత్తా."

"అయితే ప్రయాణం చెడలేదు. ఆ అరుగు మీద కూచో."

టైలరు వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. ఆమె కిటికీ దగ్గరికి మంచం లాగించుకుంది. వీధికి అటూ ఇటూ కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. దారిన పోయేవాళ్ళు మా మాటల మధ్య నుంచే పోయారు. అంత జ్వరంలోనూ నాకు ఆకులో అన్నం పెట్టించి పంపింది. నేను నా చేతులతో ఆమె నుదురు పట్టి చూడలేకపోయాను. చివరి బస్సుకు తిరిగి వచ్చేశాను. అంత కోపం దాచుకుని వెళ్ళినదాన్ని, వచ్చేటప్పుడు అది ఎక్కడ పోయిందో తెలియలేదు.

మళ్ళీ మే నెల వచ్చింది. ఈసారి మూఢం లేదు, కాగితాలు నెల ముందే పంపాను. మద్రాసు దాకా రైలు, అక్కడి నుంచి బొంబాయి. మా బావ పెట్టెను మనుబోలు స్టేషన్లో రైలెక్కించాడు. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. బండి కదలబోతుండగా ప్లాట్‌ఫారం చివర, నీళ్ళ కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కనబడ్డారు. ఒకామె టైలరు చిన్నమ్మ. రెండో ఆమె రైలుకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. నెల్లూరు దాటి ఎన్నడూ ఎరగని మనిషి. కొంగు తల మీదుగా లాక్కుని, ముఖం నా ప్రయాణానికి ఎదురు పడకుండా ఆపుకుని నిలబడింది.

నేను అత్తా అని అరవలేదు. అరిస్తే తిరుగుతుందేమోనని భయం వేసింది. చెయ్యి మాత్రం ఊపాను, ఆ వీపు కనబడినంత సేపూ. చిన్నమ్మ నన్నే చూస్తూ, మా అత్త చెవి దగ్గర ఆపకుండా ఏదో చెప్తోంది. నేను ఏ చీర కట్టుకున్నానో, ఏడుస్తున్నానో లేదో, చెయ్యి ఊపుతున్నానో లేదో, అంతా.