మగ్గం గుంత కొలత

పట్టాళంలో చేరినవాడికి తాగుడూ తుపాకీ తప్ప ఇంకేమీ రాదని మా ఊళ్ళో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో ఒక్కడైనా కన్నతండ్రికి కూర్చునే పీట చేసిచ్చాడా? మా అన్న మీసాలు రాకముందే పట్టాళంలో చేరి పింఛను దాకా అందులోనే ఉన్నాడు. నేను బడి మొహం చూడలేదు. ఆయన రాసే కార్డులు చదవాలనే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో బాపుకు, అదే మా నాన్నకు, మోకాళ్ళు పట్టేశాయి, ఎడమది మరీను. మాది కరీంనగర్ జిల్లాలో సాలోళ్ళ ఇల్లు. నేసేవాడు మగ్గం ముందు నేలమీద గట్టున కూర్చుని, గుంతలోకి కాళ్ళు దించి మగ్గం చెక్కలు తొక్కాలి. బాపు దిగితే లేవలేడు. ఆయన గుంతలో నేను నేస్తుంటే గోడకానుకుని చూసేవాడు. అన్నం కూడా తగ్గించాడు. ఇక ఉండబట్టక అన్నకు కార్డు రాశాను.

అన్న సెలవు మీద వచ్చి, పెట్టె దించకుండానే అన్నాడు: "గుంతల దిగుడెందుకు బాపూ? నేల మీద నిలవడే మగ్గం చేస్త. బల్ల మీద కూసొని నెయ్యి."

మంచిర్యాల నుంచి టేకు తెచ్చాడు. వడ్రంగం ఆయన పట్టాళంలోనే నేర్చాడు. కానీ కాళ్ళు కొలవబోతే బాపు ఎగిరిపడ్డాడు.

"బతికున్నోన్ని తాడువెట్టి కొలుస్తవారా? పాడె కడ్తున్నవా?"

మా దగ్గర మనిషిని తాడుతో కొలిచేది అందుకొక్కదానికే. మమ్మల్ని కన్న అవ్వ చెప్పినా వినలేదు. చేసేదిలేక అన్న తన కాళ్ళే కొలుచుకున్నాడు. ఆయనేమో ఆరడుగుల మనిషి, బాపు ఆయన భుజం దాకా కూడా రాడు.

మగ్గం లేచేసరికి సెలవు నాలుగు రోజులు మిగిలింది. బాపును ఎక్కించి కూర్చోబెడితే కాళ్ళు చెక్కలకు జానెడు పైన వేలాడాయి.

"ఉయ్యాల మంచిగ జేసినవ్‌రా మిలిట్రోడా! ఇగ ఊపు."

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్న నవ్వలేదు. నేరుగా పోయి పాత గుంతలోకి దిగాడు. కాళ్ళు పట్టక ఇరుక్కుపోయాడు.

"తమ్మీ, గీ గుంత ఎవరి కాళ్ళకు తీసిన్రు?"

"బాపుకే. పెండ్లప్పుడు తాత తీసిండట."

"దినాం దీంట్లనే కూసుంటవ్, జర యాదికి రాలేదా? తాడు అందియ్యి!"

గట్టు నుంచి కింది చెక్క దాకా కొలిచాడు. ముప్పై ఏళ్ళుగా బాపు కాళ్ళ పొడవు ఆ మట్టిలోనే ఉంది.

"గిది గుంతను గొల్సుడే బాపూ, నిన్ను గాదు."

మూడు రోజులు తిండీ నిద్రా చూడకుండా అన్న కొత్త మగ్గానికి మళ్ళీ బెజ్జాలు తొలిచి, చెక్కలను జానెడు పైకెత్తి బిగించాడు.

ఆయన బయలుదేరిన పొద్దున బాపు మోటరు బస్సు దాకా రాలేదు. పడుగు మీదున్నానని, నేత ఆపలేనని, పోయి రమ్మన్నాడు. నేను పెట్టె నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే, వీధి మలుపులో అన్న ఆగిపోయాడు. ఇంట్లోంచి కొత్త మగ్గం చప్పుడు వస్తోంది, రెండు చెక్కలూ సమంగా పడుతూ.

"ఎడమకాలు గూడ మంచిగనే తొక్కుతుండు తమ్మీ," అని, అది ఇంకాసేపు విని, మోటరు పోతుందని నేను తొందరపెడితే కదిలాడు.