షాహీన్ ఆఖరి మ్యాచ్‌కి దుఖాన్ బస్సులో

రాత్రి షిఫ్టు దిగి క్యాంపుకు వచ్చేసరికి కళ్ళు మండుతున్నాయి. స్నానం చేసి మంచం మీద వాలి రెండు మూడు గంటలయిందో లేదో, యూసుఫ్ భాయ్ వచ్చి నా కాలు పట్టుకుని కుదిపాడు.

"లే శంకర్, దోహా పోదాం. బిడ్డది ఇయ్యాల ఆఖరి మ్యాచంట. ఒక్కన్ని పోబుద్ధైతలేదు."

యూసుఫ్ భాయ్‌ది కరీంనగర్. మా సైటులో క్రేన్ నడుపుతాడు. నేను జగిత్యాలవాణ్ణి, కింద నిలబడి ఆయనకు చేతులతో సైగలు చేసే పని నాది. ఆయన భార్య రెహానా వదిన, కూతురు షాహీన్ దోహాలో అల్ ముంతజాలో ఉంటారు. ఆయన మాత్రం వారమంతా దుఖాన్‌లో, మాతోపాటు క్యాంపులోనే. షాహీన్ యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం. మూడేళ్ళుగా అక్కడి జట్టులో ఆడుతోంది. ఆయన ఒక్కసారీ చూడలేదు. మొదటి ఏడాది ప్రతి మ్యాచ్‌కీ రమ్మని ఫోన్ చేసేదట. తరువాత చేయడం మానేసింది.

"ఈసారి గూడ అది పిలువలే. వాళ్ళమ్మ చెప్పింది," అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

శుక్రవారం కాబట్టి మధ్యాహ్నం ఆయన జుమ్మా నమాజు ముగిశాక బస్సెక్కాం. అంతకుముందు క్యాంపు గేటు దగ్గర గుడ్డు పరాఠా, చాయ్. నాకు ఆ పూట భోజనం అదే. దుఖాన్ దారి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు వైపులా ఇసుక, పైపులైన్లు, అక్కడక్కడ కంచె వెనుక ఒంటెలు. బస్సులో ఏసీ చలికి నిద్ర పట్టదు, అలసటకు మెలకువ ఉండదు.

పక్క సీట్లో నిర్మల్ వైపు వంటమనిషి ఒకాయన కూర్చున్నాడు. మేం ఫుట్‌బాల్‌కు పోతున్నామని తెలిసి ముచ్చట పెట్టాడు.

"ఇది అమెరికా ఆట. బంతి చేతుల వట్టుకొని ఉరుకుతరు," అని చెప్పాడు యూసుఫ్ భాయ్.

"మరి ఫుట్ అని ఎందుకు పేరు వెట్టిన్రు?"

మా ఇద్దరికీ తెలియదు.

సగం దారిలో గాలిదుమారం లేచింది. ముందు బండి ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనబడలేదు. బస్సు నత్తలా నడిచింది. యూసుఫ్ భాయ్ మాటిమాటికీ ఫోన్ తీసి టైం చూస్తూ, మళ్ళీ జేబులో పెట్టుకుంటూ ఉన్నాడు. నాలుగింటికి మ్యాచ్. మేం దోహాలో దిగేసరికే నాలుగు దాటింది. శుక్రవారం ఈ దారిన వెళ్ళాలనుకునేవారు పొద్దున్నే బయలుదేరడం మంచిది.

టాక్సీ పట్టుకుని అబూ హమూర్ వెళ్ళాం. అక్కడ ఒక స్కూలు మైదానంలో ఆట. గేటు దగ్గర నేపాలీ కాపలాదారు నన్ను ఆపాడు. అమ్మాయిల మ్యాచ్, కుటుంబాలకు మాత్రమే ప్రవేశం.

"మేరా భాయ్ హై," అన్నాడు యూసుఫ్ భాయ్.

కాపలాదారు ఆయన గడ్డాన్నీ, నా నుదుటి బొట్టునూ చూసి నవ్వాడు. "యల్లా, జావ్," అని పక్కకు జరిగాడు.

రెహానా వదిన మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. "ఇప్పుడా వచ్చుడు? అయిపోవస్తుంది," అంది. ఆట సంగతి ఆమే చెప్పింది. సీజన్ ముగిశాక పైన నిలిచిన రెండు యూనివర్సిటీల జట్లకు ఈ ఒక్క మ్యాచ్ పెడతారు, దీన్ని బౌల్ అంటారట. ప్రతి అమ్మాయి నడుముకూ రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి పట్టుకున్న అమ్మాయి రిబ్బన్ ఎవరైనా లాగేస్తే ఆమె పరుగు అక్కడితో ఆగినట్టే.

షాహీన్ జట్టు కొద్ది పాయింట్లు వెనకబడి ఉంది. బంతితో ఒక్కసారి చివరి గీత దాటితే గెలుపు. టైం దాదాపు అయిపోయింది. ఎవరో బంతి ఎత్తుగా విసిరారు. తలకు నల్ల స్కార్ఫు బిగించుకున్న అమ్మాయి ఎగిరి అందుకుని మా వైపు అంచు వెంట పరుగు తీసింది. షాహీనే. ముందు ఎవరూ లేరు.

మైదానం చుట్టూ ఒకటే కేకలు. యూసుఫ్ భాయ్ లేచి నిలబడ్డాడు. "మున్నీ! భాగ్, మున్నీ!"

ఆ అమ్మాయిని మున్నీ అని పిలిచేది ఆయనొక్కడే. షాహీన్ తల తిప్పింది. రెప్పపాటు, అంతే. వెనక నుంచి వచ్చిన అమ్మాయి చెయ్యి చాచి రిబ్బన్ లాగేసింది. గీత ఇంకో రెండు అంగల్లో ఉంది. విజిల్ మోగింది. అవతలి జట్టు గంతులు వేస్తూ మైదానంలోకి దూకింది.

యూసుఫ్ భాయ్ నోటి మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

చాలాసేపటికి షాహీన్ మెట్లెక్కి వచ్చింది. ముఖమంతా దుమ్ము, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అబ్బాజాన్, ఎప్పుడొచ్చిన్రు?"

"బేటా, నేను మొత్తుకున్న గదా. గందుకే తిరిగినవా?"

"మొత్తుకున్నరా? ఆ గోలల నాకేం వినబడలే," అంది ఆ పిల్ల. అలా అంటూ నా వైపు చూడలేదు.

అల్ ముంతజాలో వాళ్ళింట్లో బగారన్నం, దాల్చా తిన్నాం. షాహీన్ మోకాలికి ఐసు పెట్టుకుని, భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద నిమ్మచెక్కలు పేర్చి తండ్రికి ఆట నేర్పింది. ఆయన ప్రతిదానికీ "ఎందుకు?" అని అడిగాడు. ఆమె విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నేను గోడకు ఆనుకుని వింటూ వింటూ కునుకు తీశాను.

మర్నాటి నుంచి మాకు పగటి షిఫ్టు, తెల్లవారకముందే సైటు బండి ఎక్కాలి. అందుకని రాత్రి బాగా పొద్దుపోకముందే తిరుగు బస్సు పట్టుకున్నాం. గాలి తగ్గింది. ఒళ్ళంతా ఇసుక, నడుము పట్టేసింది. దోహా వెళ్ళి నేను చూసిందల్లా ఒక స్కూలు మైదానం, ఒక ముందు గది. దానికే పట్నమంతా కాలినడకన తిరిగినంత అలసిపోయాను.

ఊరి దీపాలు వెనకబడ్డాక యూసుఫ్ భాయ్ నా వైపు తిరిగాడు.

"శంకర్, నువ్వు చూసినవు గదా. నిజం చెప్పు. తిరిగిందా, లేదా?"

"వినబడలేదని బిడ్డనే చెప్పింది గదా భాయ్."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"తిరిగింది," అన్నాడు. "మూడేండ్లు పోనే పోలే. ఇయ్యాల పోయి నా నోటితోనే ఓడగొట్టిన."

ఆయనే ముఖం తుడుచుకుని, నాకు కాక తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు:

"గంత గోలల గూడ నా గొంతు గుర్తువట్టింది, సూడు."