డిలీట్ అత్త

మా అన్నయ్య పిల్లలు నాకు పెట్టిన పేరది. ఎవరింట్లో నలుగురం కలిసినా, ఫోటో తియ్యమని ఎవరో ఒకరు ఫోన్ నా వైపు చాచి, అంతలోనే వెనక్కి లాక్కుని "అమ్మో, డిలీట్ అత్త!" అంటారు. అందరూ పగలబడి నవ్వుతారు. ఏడేళ్లుగా నేనూ పళ్లు బిగబట్టి నవ్వుతూనే ఉన్నాను. స్కానింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్లుగా ఊరందరి ఎముకల బొమ్మలూ దాస్తున్న మనిషిని నేను. ఒక్కటంటే ఒక్కటి పోగొట్టలేదు.

జరిగింది ఇది. గొంతు ఆపరేషన్ అయ్యాక ఇక మాట రాదని డాక్టరు చెప్పేసరికి, నాన్న ఆపరేషన్‌కి ముందు వారమంతా తన ఫోన్‌లో మాట్లాడి పెట్టారు. పదకొండు రికార్డింగులు, అన్నీ అమ్మ కోసమే. ఆయన పోయాక అమ్మ రోజూ వాటిని వినేది. ఫోన్ మొరాయిస్తోందని అన్నయ్య బాగుచేస్తానని పట్టుకెళ్లి, ఒక బుధవారం నా చేతికిచ్చి అమ్మకి ఇమ్మన్నాడు. అమ్మ తెరిచి చూస్తే ఒక్కటీ లేదు. "నేనిచ్చినప్పుడు ఉన్నాయమ్మా. ఇదే దారిలో ఏదో నొక్కి చెరిపేసుంటుంది" అన్నాడు నా మొహం మీదే.

అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మొన్నామధ్య గిన్నె దించుతూ, "మీ నాన్న గొంతు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదే" అంది. అన్నయ్యని ఊరికే వదలకూడదని ఆ రోజే అనుకున్నాను.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి కొన్నాను. వీడియోలు చూసి మెమరీ కార్డులోకి సిస్టమ్ ఎక్కించి, వైరుతో రౌటర్‌కి కలిపి, రెండు హార్డ్ డిస్కులు తగిలించాను. రెండెందుకంటే, మా సెంటర్లో ఏ బొమ్మనైనా రెండు చోట్ల దాస్తాం. ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. డిస్కులేమో టిక్కుటిక్కుమని ఆగిపోయేవి. "నీ కోపానికి జడుసుకుంటున్నాయి" అన్నారు మా ఆయన. చిన్న కంప్యూటర్ ఇచ్చే కరెంటు రెండింటికీ చాలడం లేదని నాలుగో రోజుకి తెలిసింది. విడిగా ప్లగ్గు ఉండి డిస్కులకి కరెంటిచ్చే హబ్ కొని దానికి తగిలించాక దారికొచ్చాయి. అన్నిటినీ ఒక పెట్టెలో అమర్చి చెప్పుల స్టాండ్ మీద పెట్టాను. అందులో ఏది వేసినా ఇంట్లో ఫోన్లలోనూ టీవీలోనూ కనిపించేది.

"ఇంటిల్లిపాది ఫోటోలూ ఒకేచోట దాస్తాను, పాత డిస్కులన్నీ పంపండి" అని అందరికీ ఫోన్ చేశాను. నాక్కావలసింది అన్నయ్యది ఒక్కటే, నాకంటే ముందు ఆ ఫోన్ ఉన్నది తన దగ్గరే కదా. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. పాపం వదిన, సొరుగులో ఏళ్ల తరబడి పడున్న డిస్క్ ఒకటి తెచ్చిచ్చింది.

అందులో ఉంది, 'నాన్న ఫోన్' అనే ఫోల్డర్. పదకొండూ ఉన్నాయి! తారీఖు చూస్తే, ఫోన్ నా చేతికి రావడానికి రెండు రోజుల ముందు సోమవారం. అంటే అన్నీ తన డిస్క్‌లోకి ఎక్కించుకుని, ఫోన్ ఖాళీ చేసి, తిరిగి వెయ్యడం మరిచిపోయాడన్నమాట మహానుభావుడు.

"పద, ఇప్పుడే వెళ్లి అత్తయ్యకి వినిపిద్దాం" అన్నారు మా ఆయన.

"ఆగండి. అమ్మ పుట్టినరోజుకి అందరూ మనింటికే వస్తారుగా. అందరి ముందూ అన్నయ్య మొహం మాడిపోవడం నేను చూడాలి."

ఇంకా ఇరవై రోజులుంది. అన్నయ్యని అడగబోయే మాటలు సెంటర్లో పని చేస్తూ కూడా నాలో నేనే అనుకునేదాన్ని. అమ్మతో రోజూ ఫోన్లో మాట్లాడాను. ఒక్క ముక్క చెప్పలేదు.

పుట్టినరోజున భోజనాలయ్యాక టీవీలో ఆ ఫోల్డర్ తెరిచాను. "ఏ డిస్క్‌లో దొరికాయో, తారీఖు ఎంతో నువ్వే చదువు అన్నయ్యా. గట్టిగా చదువు, పిల్లలు కూడా వినాలి."

అన్నయ్య మొహం పాలిపోయింది. "తిరిగి వేశాననే అనుకున్నానమ్మా... ఇందులో ఉన్నాయని ఒట్టు, నాకు తెలీదు" అని నసిగాడు. పిల్లలు నా వైపు చూడలేక తలలు దించుకున్నారు. చెప్పొద్దూ, నా ప్రాణం లేచొచ్చింది. మొదటి రికార్డింగ్ నొక్కాను.

"ఏమే, వింటున్నావా? డాక్టరు నా నోరు మూయించేస్తాడట. నలభై ఏళ్లుగా నీ వల్ల కాని పని అతను గంటలో చేస్తానంటున్నాడు."

అమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వింది. అయిపోయాక కళ్లు తుడుచుకుని నన్నడిగింది. "నీకెప్పుడు దొరికాయే ఇవి?"

"ఇరవై రోజులైందమ్మా."

"ఇరవై రోజులా?"

"అందరూ ఉండగా అయితే..."

"వాడికి ఉన్నాయని తెలీదు. నీకు తెలుసు కదే."

అమ్మ తన ఫోన్ తీసింది. వేసిస్తానని చెయ్యి చాచాను. నన్ను దాటించి అన్నయ్యకిచ్చింది. "ఒరేయ్, అవన్నీ ఇందులో వేసివ్వరా."

అన్నయ్య తలెత్తకుండా ఫోన్‌లో నా పెట్టె వెతికి తెరిచాడు. "పాస్‌వర్డ్ అడుగుతోంది" అన్నాడు మెల్లగా.

పెట్టె తయారుచేసిన రోజు కసికొద్దీ పెట్టిన పాస్‌వర్డ్ అది. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా 'నేను చెరపలేదు' అని కొట్టమన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. అన్నయ్య ఒక్కో అక్షరమే కొట్టాడు. అమ్మ నా వైపు చూడలేదు.