సరిసమానం మేస్త్రీ చేసిన విల్లు

కుర్చీల కార్ఖానాలో ఆయన్ని అందరూ సరిసమానం మేస్త్రీ అనేవాళ్లు. నాలుగు కాళ్లూ నేలకి ఆనని కుర్చీని చచ్చినా గేటు దాటనిచ్చేవాడు కాదు. ఉద్యోగం వదిలేశాక కూడా ఆ జబ్బు తగ్గలేదు. తలుపుకున్న రెండు గొళ్లేలు ఒకే గీత మీద లేకపోతే ఆ పూట ఆయనకి ముద్ద దిగదు. మంచి గుణమే, కాదనను. కానీ అలాంటి మనిషి పెళ్లానికి విల్లు చేసిపెడతానని కూర్చుంటే ఏం జరుగుతుంది? ఇల్లు రణరంగమవుతుంది, ఇంకేం జరుగుతుంది!

ఆవిడ మోకాళ్ల నొప్పులకని మైదానంలో నడవడానికి వెళ్లేది. అక్కడ ఒక మూల కోచ్ ఎవరికో బాణం వెయ్యడం నేర్పుతుంటే చూసి, సరదాకి ఒకసారి విల్లు లాగింది. అంతే, ఇక వదల్లేదు. ఇప్పుడు ఆదివారం పెద్దవయసు ఆడవాళ్ల పోటీ. కర్ర విల్లే ఉండాలి, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. శనివారం సాయంత్రంలోగా విల్లు తెచ్చి చూపించకపోతే ఆవిడ చోటు పక్కవీధి టైలరమ్మకి పోతుంది. కోచ్ తన పాత విల్లు ఇస్తానన్నాడు. "నేనుండగా నీకు అరువు విల్లేంటే!" అని మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు.

లేస్తే లేచాడు, చేతనవ్వాలిగా. మొదటి విల్లు చేశాడు. పిడి సరిగ్గా నడిమధ్యన. దానికి పైన ఒక బద్ద, కింద ఒక బద్ద, రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదు. గోడకి కొట్టిన కొయ్యకి పిడి ఆనించి, నారిని పట్టి కిందికి లాగితే రెండు బద్దలూ కవల పిల్లల్లా ఒకేలా వంగాయి. మేస్త్రీ మురిసిపోయాడు. ఆవిడ చేతిలోకి వెళ్లేసరికి మాత్రం కింది బద్ద ఎక్కువ వంగుతుంది, పై బద్ద మొండికేస్తుంది. బాణం తోక ఎగరేసుకుంటూ పక్కకి పోతుంది. ఆవిడకి మోచేతి దాకా జిల్లుమంటుంది.

"తప్పు నీ పట్టుదే," అన్నాడు మేస్త్రీ. "బరువంతా అరచేతి అడుగున వేస్తున్నావు. మణికట్టు నిలబెట్టు."

"నిలబడదండీ. విరిగి అతికిన మణికట్టు. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

"విల్లులో ఏ లోపమూ లేదు. కావాలంటే వచ్చి గోడ మీద చూడు."

"అయితే పోటీకి ఆ గోడనే పంపండి."

ఆయన పై బద్దని కాస్త చిత్రిక పట్టాడు. గోడ మీద పెడితే అప్పుడు రెండూ సమానంగా లేవు. ప్రాణం ఒప్పుతుందా? కింది బద్దనీ చిత్రిక పట్టాడు. అలా పైదీ కిందిదీ మార్చి మార్చి గీకితే చివరికి ఆ విల్లు పిల్లలు ఆడుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాకుండా పోయింది. రెండోదీ అంతే. శనివారం పొద్దున మూడోది కొయ్యకెక్కింది. మంచి కర్ర ఇంట్లో అదొక్కటే మిగిలింది.

పూర్తి కాని వస్తువుని ఇంకొకరి చేత ముట్టించకూడదని కార్ఖానాలో నేర్చుకున్న పద్ధతి. అందుకని ఆవిడని షెడ్డులోకి అడుగు పెట్టనివ్వలేదు. ఆవిడ గుమ్మంలో కూర్చుని పళ్లు నూరుతూనే ఉంది. మధ్యాహ్నం కోచ్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, టైలరమ్మకి చెప్పేయమంటారా?"

"ఒక్క గంట ఆగండి సార్," అంది. ఫోన్ పెట్టేసి, తిన్నగా షెడ్డులోకి వెళ్లి కొయ్య మీది విల్లు లాక్కుంది.

"ఏయ్! అది ఇంకా అవలేదే!"

"అయ్యాక చూసి ఏం చేసుకోవాలి? వంటగట్టు అయ్యాకే చూపించారు. మీ నడుము ఎత్తుకి ఉంది. ఇన్నేళ్లూ పీట మీద నిలబడి కూరలు తరుగుతున్నా. అద్దం మీ మొహానికి అందుతుంది, నాకు నా పాపిడే కనిపిస్తుంది. ఈ మణికట్టు ఎలా విరిగిందో గుర్తుందా? మీరు కొట్టిన అలమర అందక స్టూలెక్కి పడ్డాను. అప్పుడూ అలమరలో ఏ లోపమూ లేదన్నారు. నా చెయ్యి ఇంతేనండీ. ఇది మారదు. నేను తప్పని అనిపించుకుని అనిపించుకుని విసుగొచ్చింది నాకు."

మేస్త్రీ చేతిలో ఉలి పక్కన పెట్టేశాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఆయన ముందే విల్లు లాగింది.

ఇన్నాళ్లూ ఆయన గోడ మీది విల్లునే చూశాడు గానీ, లాగుతున్న ఆ చేతిని పక్క నుంచి ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూశాడు. నిలబడని మణికట్టు పిడి అడుగు భాగాన్ని నొక్కుతోంది. నొక్కుడంతా కింది బద్ద మీదికే పోతోంది. ఆ చేతికి కింది బద్ద గట్టిగా ఉండాలి. గట్టిగా ఉండాలంటే పొట్టిగా ఉండాలి. ఒకే కర్రలో చెక్కేసిన పిడిని ఎలాగూ జరపలేడు. ఇక కింది కొస కొయ్యడం ఒక్కటే దారి.

రంపం అందుకుని కింది కొస మీద ఆనించి, మళ్లీ తీసేశాడు.

"కొయ్యండి," అంది.

"పొట్టి పడిపోతుందే."

"పడనివ్వండి. నేనూ పొట్టిదాన్నే."

రెండు వేళ్ల మందం కోసేశాడు. కోస్తుంటే తన వేలే తెగుతున్నట్టు మొహం పెట్టాడు పాపం! నారి తగిలించడానికి కొత్త గంటు కొట్టి, తాడు కురచ చేసి ముడేశాడు. ఆవిడ లాగింది. ఆయన పక్కన నిలబడి చూసి, పై బద్ద మీద ఇక్కడో గీకు, అక్కడో గీకు గీశాడు. మళ్లీ లాగమన్నాడు. మొదటిసారి ఆవిడని అడిగాడు, "నొప్పుందా?" అని.

"లేదు," అంది ఆవిడ, తనకే నమ్మకం లేనట్టు.

పెరట్లో గడ్డి కుక్కిన గోనెసంచి ఉంది. బాణం తిన్నగా వెళ్లి దాని నడుమ దిగింది. రెండోది దాని పక్కనే దిగింది. ఆవిడ చిన్నపిల్లలా నవ్వేసింది.

"ఇలా ఇవ్వు," అన్నాడు మేస్త్రీ సాండ్‌పేపరు తీసుకుని. "చిత్రిక గీతలు అలాగే ఉన్నాయి. నునుపు చేసి, నూనె పట్టించి ఇస్తాను."

"ఇవ్వను."

"గరుగ్గా ఉందే, చెయ్యి గీసుకుంటుంది."

"గీసుకోనివ్వండి. మీ చేతికిస్తే మళ్లీ గోడకెక్కిస్తారు."

విల్లు భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి మైదానానికి బయల్దేరింది. మేస్త్రీకి కోపం ముంచుకొచ్చింది. గుమ్మం దాకా వెళ్లాడు, నాలుగు మాటలు అనేద్దామని. అక్కడే ఆగిపోయాడు. విల్లు ఆవిడ ఇచ్చి ఉంటే, నునుపు చేసే వంకన ఒక్కసారి గోడ మీద పెట్టి చూసేవాడే. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆవిడకి ఇంకా బాగా తెలుసు.