సరస్సు నుంచి సుంగై సుమున్ దాకా

మా పెద్దమ్మ పోయిన నెల మలేసియాలోని క్లాంగ్‌లో, తన ఇంట్లోనే చనిపోయింది. అమ్మ ఫోన్లో ఆ సంగతి చెప్పింది. "ఇంక మీ మావయ్యకి దారెవరు సెప్తారే? నా వల్ల కాదు," అంది.

ఆ మాట మీకు అర్థం కావాలంటే బెర్లిన్ చివర, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఫ్రీడ్రిష్‌హాగెన్ అనే పేట గురించి చెప్పాలి. మావయ్య, అంటే పెద్దమ్మ తమ్ముడు, అక్కడికి పనికి వెళ్ళి, నేను పుట్టకముందే ఆ సరస్సులో మునిగిపోయాడు. శవం దొరకలేదు.

పెద్దమ్మ మా కాన్వెంట్లో జాగ్రఫీ టీచర్. బడిలో "టీచర్" అనాలి, కారెక్కాకే పెద్దమ్మ. మలేసియా ఎన్నడూ దాటలేదు. అయినా ఆ పేట పటం పెన్సిల్‌తో గీసి భోజనాల బల్ల అద్దం కింద పెట్టుకుంది. అక్కడ ఒక బస్టాపు మారిందని తెలిసినా చెరిపి మళ్ళీ గీసేది. "తెలీని ఊర్ని ముందు నీళ్ళ కాణ్ణించి సదవాలి," అనేది.

ఒకప్పుడు ఒక రాజు పొరుగునున్న బొహీమియా నుంచి నూలు వడికే కుటుంబాల్ని రప్పించి ఆ పేటలో దింపాడట. వాళ్ళకి వరసగా ఇళ్ళు కట్టించి, పట్టుపురుగుల కోసం మల్బరీ చెట్లు నాటించాడట. తాము పుట్టిన ఎస్టేట్లో 'లైన్లు' అనే కూలీల ఇళ్ళ వరసలు తలుచుకుని, "ఏటి తేడా? ఇయ్యీ మన లైన్లే లా," అని మలేసియా వాళ్ళ 'లా' ఒకటి తగిలించి నవ్వేది.

ఏటా మావయ్య తిథికి ఆకులో అన్నం, చేపల పులుసు పెట్టి, అతను ఇంటికి రావడానికి దారి గట్టిగా చెప్పేది. "తమ్ముడా, సరస్సులోంచి నది బయటికెళ్ళే కాడికి రా. నీటి కింద సొరంగం ఉంది, మెట్లు దిగు." అక్కడ ఆగేది, ఎవరో దిగుతుంటే చూస్తున్నట్టు. "పైకొచ్చి ఉత్తరానికి పెద్దవీధి పట్టుకో. సివర టేషన్." తర్వాత విమానం, క్లాంగ్, హుటాన్ మెలింటాంగ్ ఊరి బస్సు, ఆఖరికి సుంగై సుమున్‌లో ఎస్టేట్ లైన్లలో వాళ్ళు పుట్టిన ఇల్లు.

పదమూడేళ్ళప్పుడు అడిగేశాను. "ఆ లైన్లు కొట్టేశారు కదా పెద్దమ్మా? ఇప్పుడక్కడ పామాయిల్ తోట."

బెర్లిన్ బస్టాపులు దిద్దుకునే మనిషి ఆ చివరి అడుగు మాత్రం దిద్దలేదు. "ఆడికి ఈ కొత్తిల్లు తెలీదు," అంది. అంతలోనే, చిన్న గొంతుతో, "అయితే ఇన్నేళ్ళూ వొచ్చి ఎక్కడ నిలబడ్డాడే?" అంది.

మరుసటి ఏడాది కూడా ఆ పాత ఇంటికే రమ్మంది.

మంచం పట్టాక నా చెయ్యి పట్టుకుంది. "నువ్వే సెప్పాలి. మద్దెలో ఆపకు."

"నాకు తెలుగులో నోరు పెగలదు పెద్దమ్మా."

"మెల్లిగా సెప్పు. ఆడికేటి తొందర?"

ఆమె పోయిన పన్నెండో రోజున మావయ్య తిథి వచ్చింది. అన్నం కట్టుకుని ఒక్కదాన్నే సుంగై సుమున్ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం కూడా తోట లోపల మసకగానే ఉంది. లైన్లలో మిగిలింది ఒక సిమెంటు మెట్టు. ఆకు పరిచి, నా వచ్చీరాని తెలుగులో దారంతా చెప్పాను. రెండుసార్లు మాట వెతుక్కున్నాను, ఆపలేదు. "ఇదే ఇల్లు," అన్నాను.

అప్పటిదాకా అరుస్తున్న పిట్టలు ఒక్కసారిగా ఊరుకున్నాయి.

అక్కాతమ్ముళ్ళిద్దరికీ చోటు వదిలి, మెట్టు చివరికి జరిగి కూర్చున్నాను.