పాట నాదే, పైసలు పండుగకు

సకల జనుల సమ్మెలో బడికి తాళం పడింది. పొద్దున టెంటు కింద కూర్చుని నినాదాలివ్వడం, మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుని ఇంటికి రావడం, అంతే పని. ప్రభుత్వ బడి పంతుల్ని, జీతం ఆగింది, ఊరికే కూర్చోవడం చేతకాదు. అందుకని కోరుట్ల బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో ఇంటర్నెట్ వేలాలకు దిగాను. పాత నాణేలు, ఇత్తడి తాళాలు, మామగారి చేతిగడియారం, ఏది దొరికితే దాని ఫోటో పెట్టేవాణ్ణి. ఎక్కడో ముఖం తెలియని మనిషి నా తాళంకప్పకు పది రూపాయలు పెంచితే మీసం మెలేసేవాణ్ణి.

మెలేసిన మీసం వారానికే వాలిపోయింది. ధర పెంచేవాళ్లకు కొదవ లేదు. గెలిచిన మరుక్షణం మాయమయ్యేవాళ్లకూ కొదవ లేదు. పుణె నుంచి ఒకాయన, "మీ దగ్గర బంద్‌లట కదా, అవి అయిపోయాక కడతాను" అని రాశాడు. డబ్బు కట్టాల్సింది పుణెలో, బంద్ కోరుట్లలో. ఆయన చెయ్యి జేబులోకి పోవాలంటే తెలంగాణ రావాలన్నమాట. ఇంకొకాయన, నొక్కితే ఏమవుతుందో చూద్దామని నొక్కానని నిజాయితీగా ఒప్పుకున్నాడు. అలాంటివాళ్లను ఏం చేయాలని అడిగితే, మర్యాదగా గుర్తు చేయమని వెబ్‌సైటు వాళ్లు జవాబిచ్చారు. గుర్తు చేయడానికి ఒక బటన్ ఉంది. బెంచీ ఎక్కించడానికి లేదు. పంతులు వృత్తి తెలియని వాళ్లెవరో తయారుచేసిన వెబ్‌సైటు అది.

ఇదంతా నా సరదా కాబట్టి తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. చాచీ టేప్‌రికార్డరు దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాను.

చాచీ మా పక్కింటావిడ. చాచా దుబాయిలో పనిచేసి వస్తూ రెండు పెద్ద స్పీకర్ల జపాన్ టేప్‌రికార్డరు తెచ్చాడు. ఆయన పోయాక కూడా చాచీ దానికి గుడ్డ కప్పి, రోజూ తుడిచి, పక్కనే చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆ ఏడాది దగ్గు పట్టుకుంది. తంబాకు పొడి మానకపోతే ఊపిరితిత్తులు నిలవవని డాక్టరు గట్టిగా చెప్పాడు. జగిత్యాలలో ఒక దుకాణంలో చీరలకు పీకో చేసే మిషన్ పాతది ఒకటి ఉంది. అది ఇంటికొస్తే చాట అవతల పెట్టవచ్చు. పదిహేను రోజులు ఆగుతానని, ఆ తర్వాత ఎవరికైనా అమ్మేస్తానని దుకాణదారు అన్నాడు.

"దీన్ని గా కంప్యూటర్ల అమ్మి పెట్టు సారూ," అని టేప్‌రికార్డరు నా చేతిలో పెట్టింది. పెట్టి, మళ్లీ ఒకసారి కొంగుతో తుడిచింది.

వేలం చివరి గంటలో ధర ఎగిరింది. గెలిచినవాడు సిరిసిల్ల మనిషి. అప్పటికి మా రెండూళ్లదీ ఒకటే జిల్లా, మనవాడే అని నా సంబరం ఇంతా అంతా కాదు. ఫోన్ చేశాను.

"కోరుట్ల సారా? నమస్తే సార్. పాట నాదే గద!"

"మీదే. పైసలు?"

"కడ్త సార్, ఏడికి పోతయ్?"

మూడోసారీ అదే మాట. ఐదోసారి, "టైముకు కడ్త సార్, మీరు రంది పెట్టుకోకుండ్రి" అని నన్నే ఓదార్చాడు. దుకాణదారు గడువులో పదమూడో రోజు వచ్చింది. మిషన్ సంగతి చాచీ అడగలేదు. గోడ అవతల దగ్గు వినిపించేది, అంతే.

ఆర్టీసీ బస్సులు లేవు. టేప్‌రికార్డరును దుప్పటిలో మూటగట్టి బండికి కట్టుకున్నాను. డబ్బిస్తే ఇవ్వాలి, లేదంటే ముఖం ముందు ఒకసారి ఆడించి వెనక్కి తేవాలి, అదీ నా పథకం. దారిలో రోడ్డుకడ్డంగా సమ్మెవాళ్ల వంటావార్పు. నేనూ సమ్మెలోనే ఉన్నానని చెప్పుకున్నాను.

"గట్లయితే ఇంకింత తిను," అని విస్తట్లో పప్పు పోశారు.

సిరిసిల్లలో కరెంటు లేదు, బట్ట నేసే సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. మా వేలం వీరుడు తన నాలుగు సాంచాల మధ్య ఖాళీగా కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి, భుజమ్మీది తువ్వాలతో స్టూలు దులిపి, చాయ్ చెప్పి, పక్క షెడ్డు వాళ్లను పిలిచాడు.

"గీ సారు దగ్గర్నే నేను పాట గెలిచింది!"

వాళ్లు నాకు దండాలు పెట్టారు. అంతమంది దండం పెడుతుంటే తిట్టడం చాలా కష్టం. అయినా అడిగాను.

"పైసలెప్పుడు కడతరయ్యా?"

"పండుగకు సార్."

"దసరాకా?"

"దసరాకేంది సార్? మళ్లొచ్చే వినాయక చవితికి. లడ్డు పాటకు గట్లనే గద? ఈ యేడు పాట పాడుడు, వచ్చే యేడు పండుగకు కట్టుడు. ఐదేండ్ల సంది పాడుతున్న, ఒక్క పండుగ తప్పలే. అడుగుండ్రి."

పక్కవాళ్లు తలలూపారు. వెబ్‌సైటు రాసిన నిబంధనలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయనకు అర్థమైంది ఒక్కటే మాట, వేలం. వేలమంటే మా దగ్గర పాట. పాటంటే వినాయకుడు.

చాచీ దగ్గు గురించి, మిషన్ గురించి చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"దవాఖాన ముచ్చటని మొదలే చెప్పద్దా సార్!" అని లోపలికి పోయి, నూలు కోసం దాచిన డబ్బు మొత్తం తెచ్చి చేతిలో పెట్టాడు. సాంచాలు ఎప్పుడు నడుస్తాయో ఆయనకే తెలియదు. నేను మూట విప్పాను. ఆడించి చూపే ముచ్చట మరిచిపోయాను.

సాగనంపుతూ, "మీ గల్లీల లడ్డు పైసలు గిట్లనే కడ్తరా సార్?" అని మామూలుగా అడిగాడు.

"గిట్లనే," అన్నాను.

కట్టేది అలాగే. కట్టనివాణ్ణి నేను. పోయినేడు పక్క గల్లీవాడు పెంచాడన్న రోషంతో నేనే లడ్డు పాడాను, పూలదండ వేయించుకున్నాను, లడ్డూ తిన్నాను. ఈ ఏడు పండుగ వచ్చి పోయింది. వినాయకుడి కమిటీవాళ్లు సారును గట్టిగా అడగలేక గేటు దగ్గర దగ్గి పోయేవారు. "బంద్‌లున్నయి గద, ఆగుండ్రి" అనేవాణ్ణి. పుణె ఆయనకు ఆ మాట నేర్పింది నేనేనేమో.

అటునుంచి అటే జగిత్యాల పోయి మిషన్ డబ్బు కట్టాను. మర్నాడు అది ట్రాలీ ఆటోలో దిగింది. చాచీ చాటను తలుపు వెనక్కి నెట్టి, మిషన్‌ను కొంగుతో తుడిచింది. తర్వాత సిరిసిల్ల కథంతా అడిగి చెప్పించుకుంది. నూలు డబ్బు మాట వినగానే ఆవిడకు కళ్లనీళ్లొచ్చాయి.

"మంచోడు సారూ, అల్లా సల్లగ చూడాలె. మన గల్లీలనే ఉన్నడట ఒకడు, లడ్డు పాడి తిని పైసలియ్యలేదట. సదువుకున్నాయనేనట. పేరు చెప్పుమంటే కమిటోళ్లు నవ్వుతున్నరు." చాయ్ నా ముందు పెట్టింది. "మీకెరికేనా?"

"ఎరికే చాచీ," అన్నాను.